గేటు దగ్గర జ్వరం

"పైకి రాకు. అక్కడే ఉండు," అంది వదిన.

మరదలు మేడమెట్ల మీద సగంలోనే ఆగిపోయింది. రెండు మెట్ల కింద కూతురు పిడుగు, భుజాన బడి సంచీ, ముక్కు మీంచి జారిపోతున్న మాస్కు. పైన గ్రిల్ తలుపు, దానికి లోపలి వైపు తాళం, ఆ తాళం వెనక వదిన. పై వాటాకీ కింది వాటాకీ మధ్య ఒక గ్రిల్ ఉందన్న సంగతి ఈ మాయదారి జబ్బు వచ్చేదాకా ఆ ఇంట్లో ఎవరికీ గుర్తే లేదు. పిడుగు రోజుకు ఇరవైసార్లు ఎక్కి దిగే మెట్లవి.

"జ్వరం మొన్ననే పోయింది వదినా. ఒళ్ళు చల్లగానే ఉంది. రేపు ఒక్క పూట చూసుకుంటే..."

"లోపల అమ్మ ఉంది. అమ్మ ఊపిరితిత్తుల సంగతి నీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. అత్తగారు మంచం దిగి కిటికీ దాకా నడిస్తేనే ఆయాసపడే మనిషి. వదిన మాటలో వంక పెట్టడానికేమీ లేదు. ఆమెకు ఒళ్ళు మండింది కూడా అందుకే. అరిచి గీపెట్టే ఆడపడుచైతే తనూ నాలుగు దులిపేసి దిగొచ్చేది. వదిన అరవలేదు. గ్రిల్ ఊచల్లోంచి పిల్ల వైపు చూసింది, చూడలేక ముఖం తిప్పుకుంది.

"నేనేం చేయనే," అని మాత్రం అంది.

మరదలు వెనక్కి తిరిగింది. పిడుగు అప్పటికే దిగడం మొదలుపెట్టింది. అన్నిటికీ ఎందుకూ ఏమిటీ అని ప్రాణాలు తోడేసే పిల్ల ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఇదంతా మొన్న పొద్దున బడి గేటు దగ్గర మొదలైంది. బళ్ళన్నీ మూతపడినా వాళ్ళ వీధి చివరి బడిలో ఒక్క గది మాత్రం తెరిచి ఉంచారు. ఇంట్లో కూర్చుంటే కుదరని ఉద్యోగాలవాళ్ళ పిల్లల కోసం. డ్యూటీ గది అని దానికి పేరు పడిపోయింది. పట్టుమని పదిమంది పిల్లలు, వాళ్ళకు అన్నీ తానే అయిన పెద్ద టీచరు. పొద్దున గేటు దగ్గర ఆవిడ ఒక్కొక్కరి నుదుటికీ జ్వరం చూసే తుపాకీ గురిపెట్టాకే లోపలికి పంపేది. మొన్న పిడుగు నుదుటి మీద అది నూట ఒకటి చూపించింది. అంతే. పిల్లలందర్నీ గేటు నుంచే వెనక్కి పంపేశారు. గదికి తాళం పడింది. జబ్బు పరీక్షకు పేరు రాయిస్తే వారం దాకా పిలుపు రాదన్నారు.

తాళం పడిన మర్నాడు పిల్లని పక్కన పెట్టుకుని ఆమె సెలవు గడిపింది. ఇవాళ కూడా బతిమాలుకుని ఒక రోజు తెచ్చుకుంది. అంబులెన్సు కోసం వచ్చే ఫోన్లు అందుకునే ఆఫీసులో ఆమెది నాలుగో సీటు. అక్కడ పేర్లతో పిలుచుకునే తీరిక లేదు, ఆమెను కూడా నాలుగో సీటనే అంటారు. ఆరు సీట్లలో రెండు సీట్లవాళ్ళు జబ్బుపడి మంచమెక్కారు. ఏ బండి ఏ వీధిలో ఉందో చూపించే బోర్డు ఆ గదిలోనే ఉంది కాబట్టి ఇంట్లో కూర్చుని చేసే పని కాదు. రేపు పొద్దున రాకపోతే సీటులో ఇంకొకర్ని కూర్చోబెట్టుకుంటామని పైఅధికారి మర్యాదగానే చెప్పాడు.

లోపలికొచ్చి తలుపు వేసుకునేసరికి భర్త ఫోను. ఆయన కరెంటు తయారుచేసే ప్లాంటులో కంట్రోల్ రూము ఆపరేటరు. జబ్బు లోపలికి రాకుండా ఆపరేటర్లందర్నీ ప్లాంటులోనే ఉంచి గేటు వేసేశారు. తిండీ అక్కడే, పడకా అక్కడే. ఎప్పుడు వదులుతారో వాళ్ళకే తెలియదు. భార్యాభర్తల సంసారం కొన్నాళ్ళుగా ఫోనులోనే సాగుతోంది, పోట్లాటలతో సహా.

"మీ అక్క తలుపు తీయలేదు."

"ఎలా తీస్తుంది? దాని స్థానంలో ఉంటే నువ్వైనా తీయవు."

"తీయననే అనుకుందాం. మరి పిల్లని నేనేం చేయాలో చెప్పండి."

"సెలవు పెట్టు."

సెలవులు ఆపేశారని ఆమె అప్పటికి ఎన్నోసారో చెప్పింది. అయితే మానెయ్యమన్నాడు. మీరు మానేస్తారా అని ఆమె అడిగింది. నేను మానేసి గేటు దూకి రావాలా అని ఆయన విసుక్కున్నాడు. నేను మానేస్తే ఫోన్లు మోగి మోగి ఆగిపోతాయి అంది ఆమె. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అటు వైపు నుంచి యంత్రాల రొద మాత్రం వినిపిస్తోంది.

"పిల్ల కంటే ఎవరి ఫోనో ఎక్కువైపోయిందా నీకు?"

ఆమె ఫోను పెట్టేయలేదు. ఆయనా పెట్టేయలేదు. ఇద్దరూ ఫోన్లు చెవి దగ్గర పెట్టుకుని ఒకరి ఊపిరి ఒకరు వింటూ అలాగే ఉన్నారు. ఆయనకు అక్కడ ఎవరూ లేరు, ఆమెకు ఇక్కడ ఎవరూ లేరు. ఉన్న ఒక్క తోడూ ఆ ఫోనే, దాన్ని కూడా గొడవతో నింపుకున్నారు. చివరికి ఎవరో ఆయన్ని పిలిచారు. వెళ్తున్నానని కూడా చెప్పకుండా పెట్టేశాడు.

ఆమె వంటింట్లోకి పోయి కుళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడు బాగా వస్తుండగా గట్టు పట్టుకుని ఏడ్చింది. తల్లి పోయిన రోజు తర్వాత ఇంతగా ఏడవలేదేమో. ఎవరైనా వచ్చి వీపు మీద చెయ్యి వేస్తే బాగుండునని ఉంది. వేసేవాళ్ళు గ్రిల్ అవతల ఒకరు, గేటు అవతల ఒకరు.

కొంగు పట్టుకుని ఎవరో లాగారు. పిడుగు.

"అమ్మా, నాకు మొన్న జ్వరం రాలేదు."

ఆమె కుళాయి కట్టేసింది.

"నేనే చేశాను," అంది పిల్ల. బడికి రోజూ నింపి ఇచ్చే వేడినీళ్ళ సీసా తెచ్చి, టోపీ లోపలికి దూర్చి నుదుటికి ఆనించుకుని చూపించింది. "ఇలా పెట్టుకుని నడిస్తే వేడెక్కుతుంది. అప్పుడు తుపాకీ కుయ్‌మంటుంది. టీచర్ నీకు ఫోన్ చేస్తుంది. నువ్వు వస్తావు."

రెండు వారాల కిందట కూడా ఒకసారి ఇలాగే అయింది. గేటు దగ్గర జ్వరమన్నారు, ఆమె సీటు వదిలేసి పరుగెత్తుకొచ్చింది, తీరా ఇంటికి తెచ్చి చూస్తే పిల్ల ఒళ్ళు చల్లగా ఉంది. ఎండ దెబ్బో, తుపాకీ తప్పో అనుకున్నారు. ఆ మధ్యాహ్నం తల్లీ కూతుళ్ళు చాప మీద దొర్లుతూ కథలు చెప్పుకున్నారు. ఎన్నాళ్ళకో పిల్లకి ఒక పూటంతా అమ్మ దొరికింది. ఆ సంగతి తలచుకునేసరికి ఆమెకు అంతా అర్థమైంది.

కొట్టడానికి చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి ఎందుకో పిల్ల తల మీదికే వెళ్ళింది.

"మొన్న కూడా సీసాయేనా?"

"మొన్న కూడా."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. జ్వరం కాదు. జబ్బు కాదు. దొంగవేషం, అంతే. పిల్లని ఒళ్ళోకి లాక్కుని నవ్వింది, నవ్వుతూనే మళ్ళీ ఏడ్చింది. అబద్ధమాడడం తప్పని చెప్పాలని కూడా గుర్తురాలేదు. ఇంకో ప్రశ్న అడగాలని అసలే తోచలేదు.

*

ఆ మధ్యాహ్నం బడి ఆవరణలో బెంచీలు దూరదూరంగా వేశారు. గదిని మళ్ళీ తెరవాలా, వద్దా అన్నది తేల్చడానికి పెద్ద టీచరు అందర్నీ రమ్మంది. కమిటీకి పెద్ద మందుల షాపాయన. మనిషి మంచివాడే, కాకపోతే ఏ విషయమైనా మందు మోతాదు చెప్పినంత నెమ్మదిగా చెబుతాడు.

మూసేయడమే మంచిదని ఆయన అన్నాడు. ఇందులో ఎవరి మీదా కోపం లేదన్నాడు. ఈ గదిలోకి వచ్చేది పదిమంది పిల్లలే అయినా, ఆ పిల్లల ఇళ్ళలోవాళ్ళు రోజూ వందలమంది మధ్య మసిలేవాళ్ళు కదా, ఇక్కడ అంటుకుంటే ఊరంతా అంటుకున్నట్టే కదా అన్నాడు.

పాల వ్యాను డ్రైవరు లేచి నిలబడ్డాడు. ఆయన భార్య ఆసుపత్రిలో నర్సు, ఇంటికి వచ్చి వారాలైంది.

"ఈ రెండ్రోజులూ నా పిల్లలిద్దర్నీ వ్యానులో వేసుకు తిరిగానండి. పాల డబ్బాల మధ్య. నిన్న చిన్నాడు నిద్రలో దొర్లి తల కొట్టుకున్నాడు. మీరు మూసేయండి, కాదనను. ఎక్కడ వదలాలో ఆ చోటు చెప్పి మూసేయండి."

మందుల షాపాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

అందరూ పెద్ద టీచరు వైపు తిరిగారు. ఆవిడ వచ్చే ఏడు ఉద్యోగం దిగిపోవాల్సిన మనిషి. భర్త పోయాడు. సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక మళ్ళీ పొద్దున పిల్లలు వచ్చేదాకా ఆవిడతో మాట్లాడే దిక్కుండదని వీధిలో అందరికీ తెలుసు.

"నాకూ భయమే," అంది ఆవిడ. "తెరిస్తే ఏమవుతుందోనని భయం. మూస్తే వీళ్ళేమైపోతారోనని భయం. నాకు కావాల్సింది ఒక్కటే. ఆ రోజు పిల్లకొచ్చింది జ్వరమా, కాదా? అది తేలితే నేను తాళం తీస్తాను. తేలకపోతే తీయలేను."

పిడుగు తల్లి లేచింది. తన కూతురు చేసిన దొంగపని పదిమందిలో చెప్పుకోవడం ఆమెకు తలకొట్టేసినట్టే ఉంది. అయినా ఏదీ దాచకుండా మొదటి నుంచీ చెప్పింది. వింటున్న కొద్దీ మందుల షాపాయన కనుబొమలు పైకి లేచాయి.

"తప్పుగా అనుకోకమ్మా," అన్నాడు. "రేపు డ్యూటీ ఉంది కాబట్టి ఇలా చెబుతోందని అంటారు జనం."

"అననివ్వండి. మీరు చూసి చెప్పండి."

తెచ్చిన సీసా బయటికి తీసింది. టీచరు చేత ముందు తన నుదుటికి తుపాకీ పెట్టించింది. మామూలుగా ఉంది. టోపీ పెట్టుకుని, లోపల సీసా ఆనించుకుని, ఆవరణ ఒకసారి చుట్టి వచ్చింది. అంతమంది చూస్తుండగా పిల్ల టోపీ పెట్టుకుని ఆ నడక నడుస్తుంటే ఆమెకే నవ్వొచ్చింది. సీసా తీసేసి నిలబడగానే తుపాకీ కుయ్‌మంది. నూట ఒకటి దాటింది.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత అందరూ నవ్వారు. మాస్కుల వెనక పగలబడి నవ్వారు. అంతమంది కలిసి నవ్వి ఎన్నాళ్ళయిందో. పాల వ్యాను ఆయన నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు.

మందుల షాపాయన ఒక్కడే నవ్వు ఆపుకుని పిల్ల ముందుకు వంగాడు.

"నువ్వేనామ్మా చేసింది?"

పిడుగు తలెత్తి తల్లి ముఖం చూసింది. చూసి, తలూపింది.

పెద్ద టీచరు తుపాకీ బెంచీ మీద పెట్టేసింది. మూరెడు దూరంలో ఉండమని పిల్లలకు రోజూ నూరిపోసే మనిషి, ఇన్నాళ్ళుగా ఒక్క పిల్ల చెయ్యి కూడా పట్టుకోని మనిషి, ఏమనుకుందో ఏమో వంగి పిడుగును గుండెకు అదుముకుంది. "ఎంత హడలగొట్టావే దొంగా," అంది. విడిచిపెట్టడానికి ఆవిడకు చాలాసేపు పట్టింది. అందరూ చూశారు, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఇకపై టోపీలు తీయించి, కాసేపు నీడలో నిలబెట్టాకే జ్వరం చూడాలని నియమం పెట్టుకున్నారు. రేపటి నుంచి తెరుద్దామంటే ఒక్కొక్క చెయ్యీ లేచింది. మందుల షాపాయన చెయ్యి అన్నిటికంటే ఆలస్యంగా లేచినా, లేచింది. "నీ మాట మీదే ఎత్తుతున్నానమ్మా," అన్నాడు ఆమెతో.

*

ఇంటికి చేరేసరికి కబురు ముందే చేరిపోయింది. వదిన గ్రిల్ తాళం తీసి మెట్ల మీద నిలబడి ఉంది. పొద్దున్నించి తనకు ముద్ద దిగలేదంది. మొన్నటి నుంచి పిల్ల గొంతు వినపడక అమ్మ ఒకటే గొడవ చేస్తోందనీ, ఒక్కసారి పంపమనీ వదిన అడిగింది. పిడుగు తల్లి సరేననే లోపే పిల్ల సగం మెట్లు ఎక్కేసింది.

ఆమె కింద యూనిఫాం ఉతుక్కుంటూ పైనుంచి వచ్చే మాటలు వింది. అత్తగారు పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నట్టుంది. సీసా కథ చెప్పించుకుని నవ్వుతోంది, నవ్వలేక దగ్గుతోంది, మళ్ళీ చెప్పమంటోంది. ఆమెకు కడుపు నిండినట్టయింది.

భర్తకు ఫోను చేసి చెప్పింది. ఆయన కూడా నవ్వాడు. తన చిన్నప్పటి బుద్ధులే వచ్చాయని కాస్త గొప్పగా కూడా చెప్పుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "పొద్దున ఏదో అనేశాను," అన్నాడు.

"ఏమన్నారో గుర్తు లేదు," అంది ఆమె. గుర్తుంది. ఆ మాట ఇంకా ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. కానీ గేటు అవతల ఒక్కడే ఉన్న మనిషిని ఇంకా ఏం అంటుంది. జాగ్రత్త అంటే జాగ్రత్త అనుకుని పెట్టేశారు.

లైట్లు వేసే వేళకు పిడుగు కిందికి వచ్చింది. ఆమె గుమ్మంలో కూర్చుని పిల్ల తల ముందుకు లాక్కుని చిక్కు తీస్తోంది. రేపు పొద్దున ఆ తీరిక ఉండదు.

"అమ్మా, రేపు నువ్వు డ్యూటీకి వెళ్తావుగా?"

"వెళ్తాను."

"ఇంక నాన్న నిన్ను తిట్టడుగా?"

"నాన్న తిట్టారని ఎవరు చెప్పారే నీకు?"

"నువ్వు ఏడ్చావు. కుళాయి తిప్పి ఏడ్చావు." పిల్ల గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది, పెద్ద పని చక్కబెట్టినవాళ్ళకు ఉండేలాంటిది. "అందుకే సీసా అని చెప్పాను."

ఆమె చేతిలో దువ్వెన ఆగిపోయింది.

"సీసా నువ్వు పెట్టుకున్నావుగా?"

"ముందుసారి పెట్టుకున్నాను. మొన్న పెట్టుకోలేదు. మొన్న నిజంగానే వేడి. నువ్వు మందు పోశావు కదా, అప్పుడు తగ్గింది."

నిజమే. గేటు నుంచి తీసుకురాగానే మందు పోసింది. ఒళ్ళు చల్లబడింది ఆ తర్వాతే. పొద్దున ఆ సంగతే గుర్తు రాలేదు. గుర్తు రాలేదా, గుర్తు తెచ్చుకోలేదా అని తనని తాను ప్రశ్నించుకోవడానికి కూడా ఆమెకు భయమేసింది. ఫోనులో గొంతు వింటే చాలు, నిజం చెబుతున్నారో బెదిరి చెబుతున్నారో పట్టేస్తుందని ఆఫీసులో ఆమెకు పేరు. కన్నకూతురు ఎదురుగా నిలబడి చెబితే పట్టుకోలేకపోయింది.

"గొంతు నొప్పిగా ఉందా?" అడిగింది. తన గొంతు తనకే ఆఫీసు గొంతులా వినిపించింది.

"నిన్న ఉంది. ఇవాళ కొంచెమే."

"నిన్న చెప్పలేదేం?"

"చెబితే నువ్వు డ్యూటీకి వెళ్ళలేవు కదా."

నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. ఉతికి ఉతికి నాని, చల్లబడిపోయిన చెయ్యి. ఆ చేతికి ఏ నుదురైనా వేడిగానే తగులుతుంది. చెంప ఆనించి చూసింది. వేడి అనిపించింది, మరుక్షణం కాదేమో అనిపించింది. పొద్దుటి నుంచి ఈ పిల్లని ఎవరెవరు ముట్టుకున్నారో ఒక్కొక్కరే కళ్ళ ముందుకు వచ్చారు. విడవకుండా అదుముకున్న పెద్ద టీచరు. ఒళ్ళో కూర్చోబెట్టుకున్న అత్తగారు. పైనుంచి ఇంకా దగ్గు వినిపిస్తూనే ఉంది. అది రోజూ వినే దగ్గేనా అని మొదటిసారి చెవి ఒగ్గింది.

ఫోను మోగింది. పెద్ద టీచరు.

ఆవిడ గొంతు హుషారుగా ఉంది. గది తుడిపించానంది. పాల వ్యాను ఆయన పిల్లలు సంచులు కూడా సర్దేసుకున్నారట. ఇన్నాళ్ళూ భయపడి పంపనివాళ్ళు కూడా ఇంకో ముగ్గురు పంపుతామన్నారట. "అంతా నీ చలవేనమ్మా," అంది. "ఇంట్లో కూర్చోలేక ఇప్పటి నుంచే రేపటి పాఠం చూసుకుంటున్నాను. పిడుగుకి చెప్పు, దాని చోటు నా పక్కనే."

పిడుగు ఫోనుకు దగ్గరగా వచ్చి అంతా వింది. తల్లి ముఖం కేసి చూసింది. తర్వాత చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపి, చిన్న చేత్తో తల్లి నోరు మూసింది.

ఆమె ఆ చెయ్యి తీసి తన చేతిలో పట్టుకుంది. ఇప్పుడు చెయ్యి కూడా వేడిగానే తోచింది.

"టీచరుగారూ," అంది.

"చెప్పమ్మా," అంది ఆవిడ.